హాస్టల్‌లో ఉంచి పని నేర్పే ఉచిత శిక్షణలు: వరంగల్ వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

పరకాల, శాయంపేట, రేగొండ, నర్సంపేట వైపు ఊళ్లల్లో ఆరేళ్లుగా మొబిలైజర్‌గా తిరుగుతున్నాను. ఖాళీగా ఉన్న పిల్లలను వెతికి, ఒప్పించి, శిక్షణ కేంద్రంలో చేర్పించడం నా పని. మహిళా సంఘం మీటింగ్ అయిపోయాక చెప్పులేసుకుంటూ అమ్మలు అడిగేవీ, రాత్రి పదింటికి ఫోన్ చేసి పిల్లలు అడిగేవీ ఇంచుమించు ఇవే ప్రశ్నలు. నేనూ ఒకప్పుడు ఇట్లాంటి హాస్టల్‌లోనే మూడు నెలలు ఉండి, వచ్చిన ఉద్యోగాన్ని 22 రోజులకే వదిలేసి ఇంటికొచ్చినవాణ్ణి. అందుకని కొన్ని జవాబులు కరపత్రంలో ఉన్నట్టు ఉండవు.

నిజంగానే ఉచితమా? ఎక్కడో ఒకచోట డబ్బులు అడగరు కదా?

అడగరు, అడగకూడదు. నేర్పినందుకు, హాస్టల్‌కు, భోజనానికి, యూనిఫాంకు, చివర్లో పెట్టే పరీక్షకు మీరు రూపాయి కట్టక్కర్లేదు. పల్లె యువతకు ఉద్యోగ శిక్షణ ఇచ్చే డీడీయూ–జీకేవై పథకంలో అయితే ఆ ఖర్చును కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం చొప్పున భరించి శిక్షణ సంస్థకు ఇస్తాయి. మీ జేబులోంచి పోయేవి బస్సు ఛార్జీ, సబ్బులు, ఫోన్ రీఛార్జి, ఆదివారం బయట తినే మిర్చి బజ్జీలు.

ఇంకొకటి కూడా పోతుంది. ఆ మూడు నెలల కూలి. పత్తి ఏరేటప్పుడో, మిర్చి తెంపేటప్పుడో ఇంటికి నాలుగు పైసలు తెచ్చే పిల్ల హాస్టల్‌కు వెళ్తే ఆ ఇంట్లో లోటు కనిపిస్తుంది. సగంలో ఇంటికి పిలిపించుకునే తల్లిదండ్రుల్లో ఎక్కువమంది చెప్పే కారణం ఇదే. అందుకే మిర్చి పనులు అయిపోయాక, ఏప్రిల్ చివరికి మొదలయ్యే బ్యాచ్ దొరికితే దాంట్లో చేరమంటాను.

డీడీయూ–జీకేవై అంటారు, ఆర్‌సెటి అంటారు. రెండూ ఒకటేనా?

కాదు. ఒకటి ఉద్యోగం కోసం, రెండోది సొంత పని కోసం.

డీడీయూ–జీకేవై అంటే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన. 2014 సెప్టెంబర్ 25న మొదలైంది, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖది. తెలంగాణలో మహిళా సంఘాలను చూసే సెర్ప్ కింద ఉన్న ఉపాధి శిక్షణల విభాగం ఈజీఎంఎం దీన్ని నడిపిస్తూ వచ్చింది. కోర్సు మూడు నెలల నుంచి ఏడాది దాకా ఉంటుంది. మూడు నెలల కోర్సు అంటే కనీసం 576 గంటలు. అందులో 160 గంటలు ఇంగ్లిష్, కంప్యూటర్, నలుగురిలో మాట్లాడటం లాంటివాటికే పోతాయి. శిక్షణ పూర్తి చేసినవాళ్లలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలన్నది సంస్థ మీద పెట్టిన షరతు.

ఆర్‌సెటి అంటే బ్యాంకు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ. 1982లో కర్ణాటకలోని ధర్మస్థల దగ్గర ఉజిరెలో రుడ్‌సెటి పేరుతో మొదలైన పద్ధతిని చూసి, తర్వాత దేశమంతా జిల్లాకొకటి చొప్పున పెట్టారు. మన వైపు ఎస్‌బీఐ వాళ్లది హసన్‌పర్తిలో ఉంది. కోర్సులు చిన్నవి, పది రోజుల నుంచి నెలన్నర దాకా. మగ్గం వర్క్, బ్యూటీ పార్లర్, సెల్‌ఫోన్ రిపేర్, హౌస్ వైరింగ్, సీసీ కెమెరాలు బిగించడం, పాడి, మేకల పెంపకం లాంటివి. ఏ నెలలో ఏ బ్యాచ్ అన్నది మారుతుంటుంది. వీళ్లు ఉద్యోగం చూపించరు. మీరు సొంతంగా పెట్టుకోవడానికి బ్యాంకు దాకా తోడు వస్తారు, రెండేళ్ల పాటు ఎట్లా నడుస్తోందో కనుక్కుంటారు.

మూడోది కూడా చెప్పాలి. యాదాద్రి భువనగిరి జిల్లా భూదాన్ పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ ఉంది, 1995 నాటిది. పెద్ద ఆవరణ, అక్కడే హాస్టల్. బ్యాచ్ మొదలయ్యే ముందు పేపర్లో ప్రకటన వేసి, ఫలానా రోజు సర్టిఫికెట్లు తీసుకుని రమ్మంటారు. మనకు జనగామ, ఆలేరు, భువనగిరి దాటితే వచ్చేదే, మరీ దూరం కాదు. ఏటూరునాగారం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలోని గిరిజన పిల్లలైతే యూత్ ట్రైనింగ్ సెంటర్లలో ఏం నడుస్తోందో ముందు అక్కడ అడగండి.

ఎవరు చేరవచ్చు? మాకు రేషన్ కార్డు లేదు సార్.

డీడీయూ–జీకేవైకి 15 నుంచి 35 ఏళ్లు. ఆడవాళ్లకు, వికలాంగులకు, ఇంకొన్ని వర్గాలకు 45 దాకా. కాగితం మీద 15 అని ఉన్నా, 18 నిండకపోతే ఉద్యోగంలోకి తీసుకునేవాళ్లు ఉండరు కాబట్టి మేం మామూలుగా 18 నిండినవాళ్లనే చేర్చుకుంటాం. సీట్లలో సగం ఎస్సీ, ఎస్టీలకు, మొత్తంలో మూడో వంతు ఆడపిల్లలకు.

రేషన్ కార్డు లేకపోతే దారులు మూసుకుపోయినట్టు కాదు. మీ అమ్మ మహిళా సంఘంలో సభ్యురాలైతే చాలు. లేదా ఇంట్లో ఎవరైనా అంతకుముందు ఏడాది ఉపాధి హామీలో 15 రోజులు పని చేసి ఉన్నా సరిపోతుంది. ఈ రెండింటిలో ఒకటైనా లేని పేద ఇల్లు మన పల్లెల్లో అరుదు.

చిక్కు ఎక్కడంటే, వరంగల్ నగరపాలక సంస్థలో కలిసిపోయిన ఊళ్లల్లో. చూడ్డానికి పల్లె, బర్రెలు, గడ్డివాములు అన్నీ ఉంటాయి. కాగితంలో మాత్రం పట్టణం. ఇది గ్రామీణ పథకం కాబట్టి ఆ పిల్లలకు వర్తించదు. వాళ్లు పట్టణ పేదల కోసం ఉన్న మెప్మా ఆఫీసులోనో, కేంద్రం నైపుణ్య శిక్షణ పథకమైన పీఎంకేవీవై కేంద్రాల్లోనో అడగాలి. అక్కడ హాస్టల్ ఉంటుందని గ్యారంటీ లేదు. ఈ గీత నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది.

పది ఫెయిలయ్యాను. ఇంటర్ మధ్యలో ఆపేశాను. పనికొస్తానా?

వస్తారు. కుట్టు, హోటల్ సర్వీస్, ప్యాకింగ్ లాంటి వాటికి ఎనిమిదో, పదో చాలు. ట్యాలీ లాంటి అకౌంట్స్ కోర్సుకు ఇంటరో, డిగ్రీనో అడుగుతారు.

కానీ పది పాస్ కాకుండా వదిలేయకండి. తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో 14 ఏళ్లు నిండినవాళ్లు పదికి, 15 నిండినవాళ్లు ఇంటర్‌కు కట్టవచ్చు. రోజూ బడికి పోనక్కర్లేదు. అమెరికాలో 1964 నుంచి జాబ్ కోర్ అని ఒకటి నడుస్తోంది. 16 నుంచి 24 ఏళ్ల పేదింటి పిల్లలను హాస్టల్‌లో పెట్టి పని నేర్పుతారు, ఆగిపోయిన హైస్కూల్ చదువు కూడా అక్కడే పూర్తి చేయిస్తారు. మన పథకాల్లో ఈ రెండోది లేదు. మూడు నెలల్లో పని నేర్పి పంపిస్తాం, పది ఫెయిలైనవాడు పది ఫెయిలైనట్టే మిగిలిపోతాడు. అందుకే ఫీజు కట్టే తేదీ వచ్చినప్పుడు నేనే ఫోన్ చేసి గుర్తు చేస్తుంటాను. విసుక్కుంటారు, ఫర్వాలేదు.

ఏయే కాగితాలు తెచ్చుకోవాలి?

ఆధార్, రేషన్ కార్డు లేదా జాబ్ కార్డు, అమ్మ సంఘం వివరాలు, చదువు మెమోలు, టీసీ, మీసేవ నుంచి కులం సర్టిఫికెట్, మీ పేరు మీదే బ్యాంకు పాస్‌బుక్, ఫోటోలు ఓ పది. జిరాక్సులు రెండు సెట్లు. ఒరిజినల్స్ చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి, ఎవరి దగ్గరా వదలకండి. ఎందుకు అంటున్నానో కింద చెప్తాను.

ఆధార్‌లో, పది మెమోలో పేరు ఒకే తీరుగా ఉందా చూసుకోండి. ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఒకదాంట్లో వెనక, ఇంకోదాంట్లో అసలే లేదు, ఇట్లా ఉంటే రేపు పీఎఫ్ దగ్గర ఇరుక్కుంటారు. ఇంట్లో ఉన్నప్పుడే సరిచేయించుకోవడం తేలిక.

వేలిముద్ర పడటం లేదంటున్నారు, ఏం చేయాలి?

ఇది నవ్వులాటగా అనిపిస్తుంది కానీ కాదు. హాజరు బయోమెట్రిక్ మీదే. రోజూ పొద్దున, సాయంత్రం వేలు పెట్టాలి. శాయంపేట వైపు నుంచి ఒక అమ్మాయిని తీసుకెళ్లాను. మిర్చి తెంపి, అంతకుముందు పత్తి ఏరి వచ్చిన పిల్ల. బొటనవేలు పెడితే ఎర్ర లైటు. చూపుడు వేలు, ఎర్ర లైటు. పదివేళ్లూ అయిపోయాయి. వెనక లైనులో వాళ్లు నవ్వుతుంటే ఆ పిల్ల చేతులు చున్నీలో దాచుకుంది. వంటగదిలోంచి కొబ్బరినూనె తెప్పించి, రాత్రిపూట రాసుకుని పడుకోమన్నాం. మూడో రోజుకు ఎడమచేతి ఉంగరం వేలు పట్టింది. ఆ వేలితోనే మూడు నెలలు గడిపింది.

పని చేసిన చేతులకు ఇది మామూలే. చేరడానికి ముందే ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్రలు, ఐరిస్ మళ్లీ ఇచ్చి రండి.

ఏ కోర్సు తీసుకుంటే మంచిది?

కోర్సు పేరు చూసి కాదు, ఆ పనిలో రోజంతా ఏం చేస్తారో అడిగి తీసుకోండి.

జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అని ఒకటి ఉంది. ఊళ్లో చెప్పేటప్పుడు అందరూ దాన్ని నర్సింగ్ అంటారు. నర్సింగ్ కాదు. నర్సు కావడానికి చదివే జీఎన్ఎం మూడేళ్ల చదువు. ఇది కొన్ని నెలల కోర్సు. పేషెంటును పక్కకు తిప్పడం, బెడ్‌పాన్ పెట్టడం తీయడం, స్నానం చేయించడం, పక్క మార్చడం ఇందులోని పని. ముసలివాళ్లకు సేవ చేసే ఓపిక ఉంటే హనుమకొండ, హైదరాబాద్ ఆసుపత్రుల్లో పనికి కొదవ లేదు. తెల్ల కోటు వేసుకుని ఇంజెక్షన్ ఇస్తానని ఊహించుకుని వెళ్తే మాత్రం వారం తిరక్కుండానే ఏడుస్తూ ఫోన్ వస్తుంది.

కుట్టు మిషన్ ఆపరేటర్ కూడా అంతే. "మా పిల్లకు టైలరింగ్ వచ్చు సార్" అంటారు. ఇంట్లో తొక్కే మిషన్ వేరు, గార్మెంట్ ఫ్యాక్టరీలో ఉండే జూకీ మిషన్ వేరు. అది మోటారు మీద నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేస్తుంది. పాదం కొంచెం గట్టిగా ఆనిస్తే బట్ట చేతిలోంచి లాక్కుపోతుంది. అందుకని మొదటి వారం దారం లేకుండా, కాగితం మీద గీసిన గీతల వెంబడి సూది పోనివ్వడమే నేర్పుతారు. తర్వాత ఫ్యాక్టరీలో చొక్కా మొత్తం ఎవరూ కుట్టరు. మీకు కాలర్ వస్తే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలరే. గంటకు ఇన్ని అని టార్గెట్ ఉంటుంది. దీనికి కావాల్సింది నైపుణ్యం కంటే నడుము.

ట్యాలీ నేర్చుకున్నవాళ్లకు మన దగ్గరే అవకాశం ఉంది. ఏనుమాముల మార్కెట్ అడ్తి దుకాణాలు, విత్తనాలు, పురుగుమందుల డీలర్లు, చార్టర్డ్ అకౌంటెంట్ల ఆఫీసులు. ట్యాలీతో పాటు జీఎస్టీ బిల్లు ఎట్లా కొడతారో చెప్పే సంస్థను చూసుకోండి. జీతం తక్కువతో మొదలవుతుంది, ఇంటి భోజనం ఉంటుంది.

సెక్యూరిటీ గార్డు కోర్సు గురించి నన్ను అడిగితే, వేరేది దొరికే వయసులో వద్దంటాను. 20 ఏళ్లవాడు 12 గంటలు గేటు దగ్గర నిలబడి నేర్చుకునేది ఏమీ లేదు.

ఐటీఐ చేయాలా, ఈ మూడు నెలల కోర్సు చేయాలా?

ఇంట్లో రెండేళ్లు ఆగగలిగితే ఐటీఐ. ఇందులో నాకు అనుమానం లేదు.

రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ లాంటి ఉద్యోగానికి ఐటీఐ గానీ, డిప్లొమా గానీ కావాలి. రైల్వేలో అప్రెంటిస్‌గా చేరాలన్నా పదిలో మార్కులతో పాటు ఐటీఐ అడుగుతారు. అక్కడ మూడు నెలల సర్టిఫికెట్ చూపిస్తే చెల్లదు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్ ఏడాది. వెల్డర్‌కు ఎనిమిది పాసైనా సరిపోతుంది. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. కాబట్టి మీకు దగ్గర్లోని ఐటీఐలో కొత్త ట్రేడ్‌లు ఏం వచ్చాయో ఒకసారి వెళ్లి చూడండి.

నాన్న లేడు, అప్పు ఉంది, వచ్చే నెల నుంచి ఇంటికి డబ్బు కావాలి అంటే మాత్రం ఐటీఐ సలహా ఇచ్చి చేతులు దులుపుకోలేను. ఆ పిల్లవాడికి మూడు నెలల కోర్సే దారి.

ఆడపిల్లను పంపొచ్చా? భయంగా ఉంటది సార్.

ఈ ప్రశ్నకు నేను మాటల్లో జవాబు చెప్పడం మానేశాను. "రండి అమ్మా, ఒకసారి చూసి పోదాం" అంటాను. వెళ్లినప్పుడు ఇవి చూడండి. ఆడపిల్లల హాస్టల్ వేరే ఉందా, రాత్రి వార్డెన్‌గా ఉండేది ఆడమనిషేనా, బాత్రూం తలుపులకు లోపల గడియ పడుతుందా, గేటు దగ్గర రిజిస్టర్ రాస్తున్నారా. భోజనాల టైంకే వెళ్లండి, చెప్పి వెళ్లకండి. అక్కడ ఉన్న పిల్లలతో వార్డెన్ లేనప్పుడు పది నిమిషాలు మాట్లాడండి. కూర ఎట్లుంటది, నీళ్లొస్తున్నాయా అని అడగండి, మిగతా సంగతులు వాళ్లే చెప్తారు.

ఉద్యోగానికి వేరే ఊరు వెళ్తే ఒక్క పిల్లను ఒంటరిగా పంపకండి. ఒకే మండలం పిల్లలు ముగ్గురో నలుగురో కలిసి ఒకే చోట చేరేటట్టు చూడమని సంస్థను గట్టిగా అడగండి. ఇబ్బంది వస్తే 112, ఆడవాళ్లకు 181, షీ టీమ్స్. ఈ నంబర్లు పిల్ల ఫోన్లోనే కాదు, తల్లి ఫోన్లోనూ ఉండాలి.

పండక్కి ఇంటికి పంపిస్తారా?

పంపిస్తారు, రెండు మూడు రోజులకు. బతుకమ్మకు వెళ్లిన బ్యాచ్ దసరా తర్వాత పూర్తిగా తిరిగి వచ్చిన సందర్భం నేను చూడలేదు. మేడారం జాతర ఏడాదైతే చెప్పనే అక్కర్లేదు. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు, కాబట్టి వెళ్లేటప్పుడే తిరుగు టికెట్ మాట ఇంట్లో చెప్పి ఉంచండి.

జాబ్ గ్యారంటీయేనా? జీతం ఎంత ఇస్తారు?

ఆఫర్ లెటర్ ఇప్పించడం దాకా సంస్థ బాధ్యత. అందులో రాసిన అంకె, మీ చేతికొచ్చే అంకె ఒకటి కావు. తేడా ఎక్కడ వస్తుందో ఒక లెక్క వేసి చూపిస్తాను, ఇది ఉదాహరణకే.

లెటర్‌లో నెలకు 13,500 అని ఉందనుకోండి. అందులో బేసిక్ 10,000. బేసిక్ మీద 12 శాతం పీఎఫ్, అంటే 1,200 పోతుంది. ఈఎస్ఐకి మొత్తం జీతం మీద 0.75 శాతం, 102 రూపాయలు. కంపెనీ హాస్టల్, మెస్ కింద 2,500 పట్టుకున్నారనుకుందాం. మిగిలింది 9,698. ఇంటికి ఫోన్ చేసి "పదమూడున్నర వేల జీతం" అని చెప్పిన పిల్లవాడు, నెల తిరిగాక ఈ అంకె చూసి మోసపోయానని అనుకుంటాడు. మోసం కాదు, ముందే ఎవరూ విడమర్చి చెప్పలేదు. పీఎఫ్ మీ డబ్బే, కంపెనీ కూడా దాని వాటా వేస్తుంది. ఈఎస్ఐ కార్డు ఉంటే జబ్బు చేసినప్పుడు ఆసుపత్రి ఖర్చు ఉండదు. మీ పీఎఫ్ ఖాతాకు ఇచ్చే యూఏఎన్ నంబర్ రాసి దాచుకోండి, కంపెనీ మారినా అదే నంబర్.

ఆఫర్ లెటర్ తెలుగులో ఉండదు. అర్థం కాకపోతే సంతకం పెట్టకుండా ఫోటో తీసి నాలాంటి ఎవరికైనా పంపండి.

చేరినవాళ్లు ఎందుకు తిరిగొచ్చేస్తున్నారు?

ఊళ్లో అయితే "పిల్లలకు ఓపిక లేదు, సుఖానికి అలవాటు పడ్డారు" అంటారు. నా సంగతి చెప్తాను, తర్వాత మీరే అనుకోండి.

శిక్షణ అయిపోయాక పటాన్‌చెరు వైపు ఒక గోదాములో ప్యాకింగ్ పని వచ్చింది. బాపు 1,500 చేతిలో పెట్టాడు. గది అడ్వాన్స్ ఎనిమిది మందిమి పంచుకున్నాం. నా వంతు 500. గ్యాస్, గిన్నెలు, బియ్యం కలిపి ఇంకో 400. పదో తారీకున చేరాను. ఆ నెల జీతం వచ్చే నెల పదో తారీకుకు వస్తుందనుకున్నాను. అక్కడ హాజరు లెక్క 20వ తారీకుకు మూసేస్తారట. నావి పది రోజులే లెక్కలోకి వచ్చాయి, మిగతావి ఆ పై నెలలో. అంటే నిండు జీతం చూడటానికి రెండు నెలలు. 19వ రోజుకు నా దగ్గర 60 రూపాయలు మిగిలాయి. 22వ రోజు వరంగల్ బస్సెక్కడానికి గదిలో తోటివాడి దగ్గర అప్పు చేశాను. దీనికి తోడు, చేరేటప్పుడు నా పది మెమో ఒరిజినల్ తీసి పెట్టుకున్నారు. అది తెచ్చుకోవడానికి రెండు నెలలు తిరిగాను.

పని కష్టమై రాలేదు. చేతిలో డబ్బు లేక వచ్చాను. ఇప్పుడు నేను పంపే పిల్లల్లో తిరిగొచ్చేవాళ్లను కూర్చోబెట్టి అడిగితే సగం మంది దగ్గర ఇదే కథ.

అందుకే మా ఊళ్లల్లో తల్లులతో ఒకటే అంటున్నాను. శిక్షణ మొదలైన రోజు నుంచే సంఘంలో ఆ పిల్ల పేరు మీద కొంత పక్కన పెట్టండి. ఉద్యోగానికి వెళ్లే రోజు చేతిలో 45 రోజుల తిండికి, గదికి సరిపడా ఉండాలి. డీడీయూ–జీకేవై 2016 మార్గదర్శకాల్లో ఉద్యోగంలో చేరినవాళ్లకు నెలకు వెయ్యి రూపాయల చొప్పున ఇచ్చే ఏర్పాటు పెట్టారు. సొంత జిల్లాలో అయితే రెండు నెలలు, రాష్ట్రంలోనే వేరే జిల్లా అయితే మూడు, బయటి రాష్ట్రం అయితే ఆరు. ఇది మీ బ్యాచ్‌కు ఎట్లా ఇస్తున్నారో చేరేటప్పుడే అడగండి. దాన్ని నమ్ముకుని మాత్రం ఖాళీ జేబుతో వెళ్లకండి, ఆ డబ్బు ఆకలేసిన రోజునే రాదు.

మన వరంగల్‌లోనే పని దొరకదా? హైదరాబాద్ ఎందుకు పోవాలి?

ఒకప్పుడు ఈ ప్రశ్నే ఉండేది కాదు. 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు నడిచినన్నాళ్లు పని మన ముంగిట్లోనే ఉంది. అది మూతపడ్డాక సూరత్, భివండి పోయిన కుటుంబాలు ప్రతి వాడలోనూ కనిపిస్తాయి.

ఇప్పుడు గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్క్ ఉంది. 2017 అక్టోబర్ 22న శంకుస్థాపన జరిగింది. గణేశా ఎకోపెట్, కిటెక్స్, కొరియా కంపెనీ యంగ్‌వన్ అక్కడ యూనిట్లు పెట్టాయి. కుట్టు కోర్సు చేసిన ఆడపిల్లలకు హైదరాబాద్ కంటే ముందు అక్కడ అడగమంటాను. కంపెనీ బస్సు మీ ఊరి దాకా వస్తుందా, రాత్రి షిఫ్టు ఉంటుందా, ఈ రెండూ కనుక్కోండి. కాజీపేటలో రైల్వే వ్యాగన్ల తయారీ యూనిట్‌కు 2023 జూలై 8న శంకుస్థాపన చేశారు. అక్కడ అక్కరకొచ్చేది ఐటీఐ ఫిట్టర్, వెల్డర్ చదివినవాళ్లు, మూడు నెలల కోర్సువాళ్లు కాదు.

ఆర్‌సెటిలో నేర్చుకున్నాక లోన్ ఇస్తారా?

ఆర్‌సెటి లోన్ ఇవ్వదు, బ్యాంకు ఇస్తుంది. ముద్ర లోన్లలో శిశు అనే రకం కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా అడగవచ్చు. సొంత పని పెట్టుకునేవాళ్లకు బ్యాంకు లోన్ ఇప్పించే కేంద్ర పథకం పీఎంఈజీపీలో సబ్సిడీ ఉంటుంది. ఊళ్లో ఉండే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు, ఆడవాళ్లు అయితే 35 శాతం. 2 లక్షల బ్యూటీ పార్లర్ అనుకుంటే మీరు పెట్టుకోవాల్సింది పది వేలు, సబ్సిడీ 70 వేలు. ఆ 70 వేలు చేతికి రావు. బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి, తర్వాత లోన్‌లో కలుస్తాయి. ఇది తెలియక మేనేజర్ తినేశాడని గొడవపడ్డవాళ్లు ఉన్నారు.

ఫోన్‌లో లోన్ యాప్‌ల దగ్గర మూడు వేలో, ఐదు వేలో తీసుకుని కట్టకుండా వదిలేశారా? అప్పులు సరిగ్గా కడతారా అని బ్యాంకు చూసే సిబిల్ స్కోర్ అక్కడే పోతుంది. ముందు అది తీర్చేయండి.

గల్ఫ్ పోవడానికి ఇది పనికొస్తుందా?

జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ నుంచి ఈ ప్రశ్న ఎక్కువ వస్తుంది. చేతిలో ఒక పని ఉంటే హెల్పర్‌గా కాకుండా ఎలక్ట్రీషియన్‌గానో, వెల్డర్‌గానో వెళ్లవచ్చు. రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగల సర్వీస్ ఛార్జి 30 వేలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే అది అక్రమం. పది పాసైతే పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ (వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాలనే ముద్ర) పడదు, ఇది కూడా పది పూర్తి చేయడానికి ఒక కారణం. విదేశాల్లో ఉద్యోగాలకు పంపడానికి తెలంగాణ ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సొంత సంస్థ ఉంది, ముందు అక్కడ పేరు రాయించుకోండి.

దొంగ సెంటర్లను ఎట్లా గుర్తుపట్టాలి?

హనుమకొండ బస్టాండు గోడ మీద చూడండి. "నెలకు 25 వేలు, భోజనం, వసతి ఉచితం, చదువు అక్కర్లేదు." కింద ఫోన్ నంబర్ ఒక్కటే, కంపెనీ పేరు ఉండదు. ఫోన్ చేస్తే రిజిస్ట్రేషన్‌కు ఇన్ని వందలు ఫోన్‌పే చేయమంటారు. ఇంకో రకం ఉంది, అది ఇంకా చెడ్డది. ఉద్యోగమని పిలిచి, ఒక గదిలో ఇరవై మందిని కూర్చోబెట్టి, సరుకు కొనిపించి, నీ కింద ఇంకో ఇద్దరిని చేర్పించమంటారు. పిలిచేవాడు మీ ఊరివాడే అయి ఉంటాడు, అందుకే నమ్ముతారు.

అసలైన కేంద్రంలో పథకం పేరు, సంస్థ పేరు బోర్డు మీద ఉంటాయి. అనుమానం వస్తే మండల మహిళా సమాఖ్య ఆఫీసులో సంఘాల పని చూసే అధికారి ఏపీఎంను అడగండి, మన జనం ఇప్పటికీ ఐకేపీ ఆఫీసు అనేది దాన్నే.

మధ్యలో మానేస్తే డబ్బు కట్టించుకుంటారా?

లేదు. ఒకవేళ బెదిరిస్తే డీఆర్‌డీఓ (జిల్లా గ్రామీణాభివృద్ధి అధికారి) ఆఫీసులో చెప్పండి. కాకపోతే మళ్లీ అదే పథకంలో సీటు అడిగినప్పుడు ఆధార్‌తో పాత పేరు బయటపడుతుంది, చేర్చుకోవడం కష్టమవుతుంది. ఇంటి పరిస్థితి వల్ల మానాల్సి వస్తే చెప్పకుండా వెళ్లిపోవద్దు, రాసిచ్చి వెళ్లండి.

ఎక్కడ అడగాలి, ఎప్పుడు అడగాలి?

ఊళ్లో మహిళా సంఘాల లెక్కలు రాసే వీఓఏ అక్కను అడగండి, ఏ బ్యాచ్ ఎప్పుడో ఆమెకు తెలుస్తుంది. లేదంటే మండలంలో ఏపీఎం, జిల్లాలో డీఆర్‌డీఓ ఆఫీసు. ఆర్‌సెటికి నేరుగా హసన్‌పర్తి వెళ్లినా మాట్లాడతారు. సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణి రోజు ఆఫీసుల్లో రద్దీ, మంగళవారం వెళ్లండి. జిరాక్సులు ముందే తీయించుకుని పోండి, కలెక్టరేట్ దగ్గర జిరాక్స్ షాపు లైనులోనే గంట పోతుంది.